హృదయ వైద్యము - విద్యార్థులకు తెరచియున్న మార్గములు

పాఠశాల చదువు ముగియవచ్చిన బాలబాలికలను "మీరు ముందు ఏమి కాదలచితిరి?" అని ప్రశ్నించినచో, పెక్కుమంది "డాక్టరు" అని తడుముకొనకుండ బదులు చెప్పుదురు. "ఏ డాక్టరు?" అని మరల అడిగినచో ఆ బదులు అంత త్వరగా రాదు. కొందరు కొంతసేపు ఆలోచించి "గుండె డాక్టరు" అందురు. గుండెకు వైద్యము చేయువారందరును ఒకే పని చేయుదురా? గుండెకు మందిచ్చువారును, గుండెను కోసి కుట్టువారును ఒక్కరేనా? అందుకు ఎన్ని సంవత్సరములు చదువవలెను? వైద్య కళాశాలలో చోటు దొరకనివారికి ఆ మార్గము పూర్తిగా మూసికొనిపోవునా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియక ఆశపడుటయు, తెలియక ఆశ విడుచుటయు రెండును నష్టకరములే. పదవ తరగతి దాటిన వెంటనే ఏ శాస్త్రములు చదువవలెనో నిర్ణయించుకొనవలసియుండును గనుక, ఈ సంగతులను ముందుగానే తెలిసికొనుట మేలు.

గుండె: దాని నాలుగు ఏర్పాటులు

మానవుని గుండె అతని పిడికిలియంత పరిమాణము గలది. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. అది నిమిషమునకు సుమారు 72 సార్లు కొట్టుకొనును. ఆ లెక్కను దినమునకు లక్ష సార్లకు పైగా కొట్టుకొనుచున్నదన్నమాట. విశ్రాంతిగా నున్నప్పుడు సైతము నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును నెట్టుచుండును. ఒక దినమునకు అది 7,000 లీటర్లను మించును.

గుండెను ఒక యింటితో పోల్చిచూచినచో దాని ఏర్పాటు సులభముగా బోధపడును. ఇంటికి గోడలు, తలుపులు, నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు ఉన్నట్లే గుండెకును నాలుగు ఏర్పాటులు గలవు. గోడలు కండరముతో నిర్మితమైనవి. పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు అను నాలుగు గదులు ఆ గోడల నడుమ నున్నవి. తలుపులు అనగా కవాటములు. ఇవియు నాలుగే. రక్తము ముందునకే పోవునట్లు, వెనుకకు మరలకుండునట్లు ఇవి తెరచుకొనుచు మూసికొనుచుండును. గుండె కండరమునకు ఆహారమును ప్రాణవాయువును అందించు రక్తనాళములే నీటి గొట్టములు. వీనిని కరోనరీ ధమనులందురు. గుండెలో నిండియున్న రక్తము గుండె కండరమునకు నేరుగా ఉపయోగపడదు. శరీరమంతటికి రక్తము పంచు గుండెయు తన వంతు రక్తమును ఈ సన్నని ధమనుల ద్వారమే పొందవలెను. ఇక విద్యుత్తు మాట. కుడి కర్ణిక పైభాగమున నున్న ఒక చిన్న కణసముదాయము క్షణక్షణము విద్యుత్ప్రేరణను పుట్టించును. ఆ ప్రేరణ క్రమముగా క్రిందికి వ్యాపించుటచేతనే గుండె తాళము తప్పక కొట్టుకొనుచున్నది.

ఈ నాలుగింటిలో దేనికి లోపము కలిగినదో దానినిబట్టి జబ్బు మారును, వైద్యము మారును, వైద్యుడును మారును. హృదయ వైద్యమునందలి శాఖలన్నియు ఈ మూలసూత్రమునుండి పుట్టినవే.

గుండెను తెలిసికొనిన విధము

రక్తము శరీరమున చక్రమువలె తిరుగుచున్నదని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో గ్రంథరూపమున నిరూపించెను. ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1816లో కాగితమును గొట్టమువలె చుట్టి రోగి రొమ్మున కానించి గుండె చప్పుడు వినెను. నేడు ప్రతి డాక్టరు మెడలోను కనిపించు స్టెతస్కోపు పుట్టుక అదియే. హాలెండు దేశీయుడైన ఐంథోవెన్ గుండెయందలి విద్యుత్తును గీతలుగా నమోదుచేయు విధానమును రూపొందించి 1924లో నోబెల్ బహుమతి పొందెను. మనము నేడు ఈసీజీ అని పిలుచునది దానినే.

గుండెను బయటనుండి పరీక్షించుట ఒక యెత్తు, దాని లోపలికి ప్రవేశించుట మరియొక యెత్తు. 1929లో జర్మనీ దేశమునందు ఫోర్స్‌మన్ అను యువ వైద్యుడు తన చేతి సిరలో సన్నని గొట్టమును దూర్చి, దానిని తన గుండెవరకు పోనిచ్చి, ఎక్స్‌రే గదికి నడచిపోయి చిత్రము తీయించుకొనెను. ఆనాడు మెచ్చుకొన్నవారికంటె మందలించినవారే ఎక్కువ. 1956లో మరి ఇద్దరు శాస్త్రజ్ఞులతోపాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. నేటి యాంజియోగ్రామ్ పరీక్షకు ఆ సాహసమే పునాది. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికముగా ఒక యంత్రముచే చేయించుచు, గుండెను తెరచి శస్త్రచికిత్స జరిపెను. 1977లో గ్రుయెంట్‌జిగ్ జ్యూరిచ్ నగరమున, మూసికొనిపోవుచున్న కరోనరీ ధమనిని చిన్న బుడగతో విప్పి, కోత లేకయే చికిత్స చేయవచ్చునని చూపెను.

హృదయ వైద్యులలోని తెగలు

మొదటివారు కార్డియాలజిస్టులు. వీరు రోగిని పరీక్షించి, ఈసీజీ, ఎకో మొదలగువానిని చదివి, మందులతో చికిత్స చేయుదురు. వీరిలోనే కొందరు చేతి మణికట్టునుండి గాని తొడనుండి గాని సన్నని గొట్టమును పంపి, పూడుకొనిన ధమనిని బుడగతో విప్పి, అది మరల మూసికొనకుండ స్టెంట్ అను లోహపు జాలిని అమర్చుదురు. మన పోలికలో వీరు నీటి గొట్టములను బాగుచేయువారు. మరికొందరు గుండెయందలి విద్యుత్తు లోపములను మాత్రమే చూచెదరు. తాళము తప్పిన గుండెకు పేస్‌మేకర్ అమర్చుట, దారితప్పిన విద్యుత్ప్రేరణను అడ్డగించుట వీరి పని.

రెండవవారు హృదయ శస్త్రవైద్యులు. ధమనులు పలుచోట్ల పూడుకొనినప్పుడు కాలినుండి సిరను గాని రొమ్మునుండి ధమనిని గాని తీసి, అడ్డంకిని దాటించి రక్తమునకు క్రొత్తదారి కుట్టుట బైపాస్ శస్త్రచికిత్స. పాడైన కవాటములను బాగుచేయుట, మార్చుట, గుండెను మార్చుటయు వీరి పనులే.

మూడవవారు శిశు హృద్రోగ నిపుణులు. కొందరు శిశువుల గుండె గోడలలో రంధ్రములుండును, కొందరికి రక్తనాళములు తారుమారుగ నుండును. వీనిని కనిపెట్టి చికిత్స చేయుట ప్రత్యేక విద్య. నాలుగవవారు మత్తు వైద్యులు. గుండె ఆగియున్న సమయమున రోగి ప్రాణమును కాపాడుచుండువారు వీరే. రోగి వీరి ముఖమును సరిగా చూడకయే నిద్రపోవును. వీరి పేరు వార్తాపత్రికలలో కనిపించుట అరుదు. అయినను వీరు లేక ఏ శస్త్రవైద్యుడును కత్తి పట్టడు.

మన ఇరుగుపొరుగున జరిగిన ఘనకార్యము

మోదుగ చెట్టు పేర వెలసినదని చెప్పబడు మన పురసవాక్కమునకు ఇరువైపుల ఈ విద్యకు నిలయములు గలవు. ఒకవైపు 1960లో స్థాపితమైన కీల్పాక్ వైద్య కళాశాల. మరియొకవైపు సెంట్రల్ స్టేషను ఎదుట నున్న మద్రాసు వైద్య కళాశాలయు దాని పెద్దాసుపత్రియు. 1664లో సెయింట్ జార్జి కోటలో చిన్నగా మొదలైన ఆ ఆసుపత్రి మన దేశమున మిక్కిలి పురాతనమైనవానిలో ఒకటి. అచ్చటి వైద్య పాఠశాల 1835లో ఏర్పడినది.

వీనికంటె హృదయ వైద్య చరిత్రలో విశేషముగా పేర్కొనదగినది మనకు కొలది దూరముననున్న పెరంబూరు రైల్వే ఆసుపత్రి. 1975లో డాక్టర్ కె. ఎం. చెరియన్ అచ్చట జరిపిన బైపాస్ శస్త్రచికిత్స భారతదేశమున విజయవంతమైన మొదటి కరోనరీ బైపాస్‌గా ప్రసిద్ధి పొందినది. అది రైల్వే కార్మికులకును వారి కుటుంబములకును వైద్యము చేయుటకై నెలకొల్పిన ఆసుపత్రి. ధనవంతుల ఆసుపత్రి కాదు. 2025లో స్వర్గస్థుడైన ఆ శస్త్రవైద్యుని కృషివలన పెరంబూరు పేరు దేశమంతట వినబడినది. ఘనకార్యములు దూరదేశములందే జరుగునని భావించు విద్యార్థి ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

తెలుగువారి భాగము

1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు మన దేశపు మొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగినది. దానిని జరిపినది రాజమండ్రిలో జన్మించిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. అవయవముల మార్పిడికి అనుమతినొసగు చట్టము ఆ సంవత్సరమే వచ్చినది. చట్టము వచ్చిన కొలది దినములకే ఆ పని చేయగలుగుటకు ఎన్ని సంవత్సరముల ముందునుండి సిద్ధపడియుండవలెనో ఊహించుకొనవచ్చును.

చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి ఈ నగరమునందలి స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో హృద్రోగ శాస్త్రమున శిక్షణ పొంది, స్వదేశమునకు తిరిగివచ్చెను. శస్త్రచికిత్సకై విదేశమునకు పోలేక ఒక రోగి మరణించుట చూచి, అట్టి చికిత్స ఇక్కడనే లభింపజేయవలెనని సంకల్పించి, 1983లో ఈ నగరమున అపోలో ఆసుపత్రిని ప్రారంభించెను. హైదరాబాదులో డాక్టర్ బి. సోమరాజు, శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాముతో కలిసి 1990 దశకమున స్వల్ప వ్యయముతో లభించు స్టెంటును రూపొందించెను. క్షిపణులు నిర్మించిన శాస్త్రజ్ఞుని లోహవిద్య రోగి ధమనిలో ఉపయోగపడుట గమనింపదగినది.

డాక్టరు కాకయే గుండెకు సేవ

ఇచ్చట ఒక ముఖ్య విషయమును చెప్పవలసియున్నది. వైద్య కళాశాలలలో చోట్లు తక్కువ, కోరువారు అనేకులు. కష్టపడి చదివినవారికి సైతము చోటు దొరకకపోవచ్చును. అట్టివారు తమ బ్రతుకు వ్యర్థమైనదని కుమిలిపోవుట మనము వినుచునే యున్నాము. కాని గుండె ఆపరేషను జరుగు గదిలో డాక్టర్లు కానివారెందరు నిలిచియుందురో తెలిసినచో ఆ విచారమునకు తావుండదు.

గుండె ఆగియున్న సమయమున రక్తమును శుద్ధిచేసి శరీరమునకు నెట్టు యంత్రమును నడుపువారు పెర్ఫ్యూజనిస్టులు. రోగి ప్రాణము ఆ గంటలయందు వారి కన్నులయందును చేతులయందును ఉండును. ధ్వని తరంగములతో గుండె కదలికలను తెరపై చూపు ఎకో సాంకేతిక నిపుణులు, ఈసీజీ తీయువారు, యాంజియోగ్రామ్ గదిలో యంత్రములను నడుపువారు మరియొక తెగ. రాత్రింబవళ్లు రోగి ప్రక్కనుండి గుండె గీతలో మొదటి మార్పును కనిపెట్టునది నర్సు. ఆపరేషను ముగిసిన తరువాత రోగికి మరల ఊపిరి పీల్చుట, నడచుట నేర్పువారు ఫిజియోథెరపిస్టులు. పరికరములను నిర్మించి, మరమ్మతుచేయువారు బయోమెడికల్ ఇంజనీర్లు.

ఇంజనీర్ల కృషికి తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర సంస్థ చక్కని తార్కాణము. డాక్టర్ వలియతాన్ నాయకత్వమున అచ్చటివారు కృత్రిమ కవాటమును తయారుచేయ బూనిరి. మూడు నమూనాలు విఫలమైనవి. నాలుగవది నెగ్గినది. 1990లో దానిని మొదటిసారి రోగికి అమర్చిరి. అట్టి కవాటము సంవత్సరమునకు మూడున్నర కోట్లకు పైగా సార్లు తెరచి మూసికొనవలెను. ఎట్టి పదార్థము అంత ఒరిపిడికి ఓర్చుకొనును? ఇది వైద్యుని ప్రశ్నయే కాదు, భౌతిక రసాయన శాస్త్రముల ప్రశ్న కూడ.

అమెరికాలో వివియన్ థామస్ అను నల్లజాతి యువకుడుండెను. డాక్టరు కావలెనని పైసా పైసా కూడబెట్టుకొనగా, ఆర్థిక మాంద్యమున బ్యాంకు పడిపోయి ఆ సొమ్ము పోయినది. 1930లో అతడు ఆల్ఫ్రెడ్ బ్లాలక్ అను శస్త్రవైద్యుని ప్రయోగశాలలో సహాయకుడుగా చేరెను. పుట్టుకతో గుండె లోపమువలన నీలి రంగు పొందిన శిశువులను కాపాడుటకు హెలెన్ టాసిగ్ అను వైద్యురాలు సూచించిన ఆలోచనను అతడు ప్రయోగశాలలో జంతువులపై పరీక్షించి, కుట్టవలసిన విధమును కనుగొనెను. 1944 నవంబరు 29న ఆ శస్త్రచికిత్సను మొదటిసారి ఒక శిశువునకు చేసినప్పుడు, థామస్ ఒక పీటపై నిలిచి, బ్లాలక్ భుజము వెనుకనుండి సలహాలిచ్చుచుండెను. తరువాతి కాలమున అనేక శస్త్రవైద్యులు అతనివద్ద పని నేర్చుకొనిరి. 1976లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము అతనికి గౌరవ డాక్టరేటు నొసగెను. పట్టము ఆలస్యముగా వచ్చినను, బ్రతికిన శిశువులు పట్టముకొరకు వేచియుండలేదు.

చదువు త్రోవ

పదవ తరగతి తరువాత భౌతిక, రసాయన, జీవ శాస్త్రములు గల విభాగమున చేరినవారికే ఈ మార్గములలో పెక్కులు తెరచియుండును. గణితము కూడ చేర్చి చదివినచో ఇంజనీరింగు దారియు నిలిచియుండును. ఈ ఎన్నిక తేలికగా కనిపించినను, తరువాత దీనిని సరిదిద్దుకొనుట కష్టము.

ఎం.బి.బి.ఎస్. చదువు శిక్షణ సంవత్సరముతో కలిపి ఐదున్నర సంవత్సరములు. కార్డియాలజిస్టు కావలెనన్న, ఆ పిమ్మట సాధారణ వైద్యమున ఎం.డి. మూడు సంవత్సరములు, హృద్రోగ శాస్త్రమున డి.ఎం. మూడు సంవత్సరములు చదువవలెను. శస్త్రవైద్యుడు కాగోరువాడు ఎం.ఎస్., ఎం.సి.హెచ్. పట్టములు పొందవలెను. మొత్తము పదకొండున్నర సంవత్సరములు. ప్రతి మెట్టునను పోటీ పరీక్ష యున్నది. పదునెనిమిదేండ్ల వయసున చేరిన విద్యార్థి ముప్పదేండ్లు సమీపించునప్పటికి గాని స్వయముగా హృదయ నిపుణుడు కాడు. ఈ ఓర్పు తనకున్నదో లేదో ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను. నర్సింగు పట్టము నాలుగు సంవత్సరములది. హృదయ సాంకేతిక విద్య, పెర్ఫ్యూజన్ విద్య మొదలగు పట్టములు తమిళనాడు డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయము క్రిందను గలవు. ప్రవేశ నియమములు మారుచుండును గనుక ఆ యా సంవత్సరపు ప్రకటనను తప్పక చదువవలెను.

ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు నీట్ పరీక్ష వ్రాయవలెను. మొత్తము 720 మార్కులలో సగము, అనగా 360, జీవశాస్త్రమునకే కేటాయింపబడినవి. 6వ తరగతినుండి 12వ తరగతివరకు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 2020లో వచ్చిన చట్టము ప్రకారము ఈ రాష్ట్రమున నూటికి ఏడున్నర చోట్లు ప్రత్యేకింపబడినవి.

భాష విషయమున ఒక హెచ్చరిక

నీట్ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చునని విని మనవారు సంతోషింతురు. అది నిజమే. కాని ఇటీవలి ప్రకటనల ప్రకారము తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములలోనే లభించును. చెన్నపట్టణపు విద్యార్థి తెలుగును ఎన్నుకొన్నచో నెల్లూరో తిరుపతియో పోయి వ్రాయవలసియుండును. ఈ సంగతి దరఖాస్తు నింపునాడు తెలిసినచో కలవరము, నేడే తెలిసినచో సన్నాహము. తెలుగులో చదివినవాడు ప్రతి పాఠమునందలి శాస్త్రపదములను ఆంగ్లమునందును నేర్చుకొనుచు పోయినచో, ఏ భాషలో వ్రాసినను చిక్కుండదు. వైద్య కళాశాలలో బోధన ఆంగ్లముననే జరుగును గనుక ఆ శ్రమ వ్యర్థము కాదు.

మూడు భాషల నడుమ పెరుగుట మనకు భారమని కొందరందురు. ఆసుపత్రి గుమ్మమున అది బలము. రొమ్ములో నొప్పిని తెలుగువాడు "గుండెనొప్పి" యనును, తమిళుడు "నెంజువలి" యనును. నెల్లూరు, చిత్తూరు జిల్లాలనుండి వైద్యమునకై ఈ నగరమునకు వచ్చు రోగికి తన మాట అర్థముచేసికొను నర్సు ఎదురైనచో, సగము భయము అచ్చటనే తొలగును. రోగి చెప్పు మాటనుబట్టియే జబ్బు నిర్ణయము మొదలగును. కనుక ఇరుగుపొరుగువారి తమిళమును, ఇంటి తెలుగును, పుస్తకపు ఆంగ్లమును మూడింటిని శ్రద్ధగా నేర్చినవాడు హృదయ వైద్యమునకు కావలసిన ఒక పనిముట్టును ఇప్పుడే సంపాదించినవాడగును.

నేడే చేయదగిన పని

హృదయ సేవకు పట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు. బాల్యమున వచ్చు ఒక విధమైన గొంతునొప్పికి తగిన వైద్యము చేయింపనిచో, కొందరిలో కీళ్లవాపు జ్వరము కలిగి గుండె కవాటములు చెడును. నొప్పి తగ్గినను కవాటము మరల బాగుపడదు. పెన్సిలిన్ మందుతో దీనిని నివారింపవచ్చును. కావున జ్వరముతో కూడిన గొంతునొప్పి గల తమ్ముని, చెల్లెలిని వైద్యునికి చూపింపుడని ఇంటివారికి చెప్పుట విద్యార్థి చేయదగిన పని. ఎవరైన అకస్మాత్తుగా పడిపోయి ఊపిరి, స్పృహ లేకున్నచో, 108కి కబురుచేసి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతున ఒత్తవలెను. వైద్యుడు వచ్చువరకు ఆ చేతులే అతని గుండె. ఈ విద్యను తెలిసినవారివద్ద అభ్యసించుటకు ఏ ప్రవేశ పరీక్షయు లేదు.

సోదర విద్యార్థులారా! గుండెకు నాలుగు ఏర్పాటులున్నట్లే హృదయ సేవకును అనేక మార్గములున్నవి. మీ శక్తికి, ఓర్పునకు, ఇంటి స్థితికి ఏది తగినదో పెద్దలతో, ఉపాధ్యాయులతో ఆలోచించి ఎన్నుకొనుడు. ఎన్నుకొన్న పిదప వెనుదీయకుడు. పెరంబూరులోనో, కీల్పాక్‌లోనో, పెద్దాసుపత్రిలోనో ఒకనాడు ఒక రోగి కన్నులు తెరచి మిమ్ము చూచినప్పుడు, మీరు ఏ పట్టము పొందితిరని అడుగడు. తన ప్రక్కన ఎవరో యున్నారని మాత్రము గ్రహించును.